సర్వర్ మార్చిన శుక్రవారం

తమ్ముడూ సలీం,

మన ల్యాబ్ సర్వర్‌ను ఈ శుక్రవారం కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కి మార్చాము. పాతదానికి అప్‌డేట్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది. నువ్వుంటే నన్ను ఇంతకాలం ఆగనిచ్చేవాడివి కాదు.

నెల్లూరు నుంచి వచ్చిన టెక్నీషియన్ ప్రసాద్ మంచివాడే, తొందర ఎక్కువ. "బ్యాకప్ తీసినాను కదక్కా, పాతది తుడిచేస్తా" అన్నాడు. వాకాడు రొయ్యల గుంటల్లో నువ్వు చేసిన నీటి పరీక్షలన్నీ అందులోనే ఉన్నాయి. అవి పోతే రైతులకు చెప్పడానికి మన దగ్గర ఏమీ మిగలదు.

"ముందు ఆ బ్యాకప్‌ను వేరే కంప్యూటర్లో తెరిచి చూపించు నాయనా."

"నా మీద నమ్మకం లేదా అక్కా?"

"నమ్మకం అల్లా మీద. డిస్కును మాత్రం తెరిచి చూస్తాను."

తెరిస్తే సగం గుంటలే ఉన్నాయి. మిగతా ఫైళ్లకు సర్వే నంబర్లు కాకుండా రైతులు పిలిచే పేర్లనే నువ్వు తెలుగులో పెట్టావు. తెలుగు పేర్లు చదవలేక అతని ప్రోగ్రాం వాటిని వదిలేసింది. మళ్లీ కాపీ చేయించి, తాటితోపు గుంట, ఉప్పువాగు గుంట అంటూ ఒక్కొక్కటీ సరిచూశాను. సాయంత్రం అసర్ నమాజు వేళకు అన్నీ వచ్చేశాయి.

అప్పుడు ప్రసాద్ అడిగాడు. "సలీమన్న లాగిన్ కొత్తదాంట్లో పెట్టేదా?"

ల్యాబ్ వదిలి వెళ్లిపోయినవాళ్ల లాగిన్ ఆ రోజే తీసేయాలని అందరికీ చెప్పేవాడివి. నువ్వు పోయి రెండేళ్లయినా నీది నేను తీయలేదు.

"వద్దు, తీసేయ్" అన్నాను.

నీ ఫైళ్లలో "పరీక్ష చేసినవారు" అని ఉన్న చోట మాత్రం నీ పేరే ఉంది. దాన్ని ముట్టుకోనివ్వలేదు.

అక్క