ఎర్ర బిళ్ళ

అల్ ఖౌద్

బుడ్డోడా,

ఫోన్ చేస్తే ఎత్తవు. అందుకే రాస్తాండా. మీ సువైక్‌కు కూరగాయల బండి తోలే సర్దార్ చేత పంపుతాండా, ఒక సీసా మామిడికాయ ఊరగాయ కూడా.

నువ్వు దాచమని ఇచ్చిన బిళ్ళల డబ్బా భద్రంగా ఉంది. చీకటి హాళ్ళలో వెలుతురు తుపాకులతో కాల్చుకునే లేజర్ ఆట కొత్తగా వచ్చిన కాలంలో టికెట్టు బదులు ఇచ్చిన బిళ్ళలంట గదా. మూతపడిన హాలు పగలగొట్టే డ్యూటీ పడితే అందరూ ఇనుము ఏరుకుంటారు, నువ్వు ఇవి ఏరినావు. వాటిలో నీకు ప్రాణమైనది ఏది నాయనా? ఈ శుక్రవారంలోగా నాకు తెలియాల. తెలియకపోతే ముద్ద దిగదు.

ఇట్లు,
మీ అమ్మ పెంచలమ్మ

తా.క.: నేను పనిచేసే ఇంటి మేడం పిల్లోడు ఒక బిళ్ళ మింగబోతే నోట్లో వేలు పెట్టి తీసినా. వేలు తెగింది. బిళ్ళకు ఏమీ కాలేదు.

*

అల్ సువైక్

అమ్మకు భూమేశ్ దండాలు.

నేను మీ ఓబులేసు రూమ్‌ల ఉండేటోణ్ణి. ఓబులేసు బహ్లా సైట్‌కు పోయిండు. అక్కడ ఫోన్ కలవది. మీ ఉత్తరం ఫోన్ల చదివి వినిపించిన. అంచు అరిగిన ఎర్ర బిళ్ళంటే ప్రాణమన్నడు.

మీ కొడుకసుంటోడు,
భూమేశ్

తా.క.: మీ ఊరగాయతోని ఓబులేసు రెండు ప్లేట్ల అన్నం తిన్నడు.

*

అల్ ఖౌద్

బుడ్డోడా,

కలవని ఫోన్‌లో మాట్లాడినావంట. సువైక్‌లో ఉన్న ఊరగాయ బహ్లాలో తిన్నావంట. మీ భూమేశు బలే మనిషి.

డబ్బా కుమ్మరించి చూసినా. పచ్చవి, పసుపువి, ఇత్తడివి ఉండాయి. ఎర్రది లేదు. శుక్రవారం దగ్గరపడింది. యాడుంది నాయనా?

ఇట్లు,
మీ అమ్మ

తా.క.: ఇంకో సీసా పంపుతాండా. ఈసారి కారం ఎక్కువేసినా.

*

అల్ సువైక్

అమ్మకు దండాలు.

ఎర్రది నా తాన ఉన్నది. అది ఎప్పుడూ ఓబులేసు అంగీ జేబులనే. క్యారమ్ కాయి పోయింది, దాని బదులు నీ బిళ్ళ ఇయ్యిరా అంటే కొట్లాటకు వచ్చిండు. స్నానానికి గూడ సబ్బుడబ్బాల పెట్టుకొని పోయేటోడు. ఆ ఆటల తుపాకి తగిలితే ఛాతీ మీది దీపం ఆరుతదట, కొంచెంసేపు ఆగితే మళ్ళ వెలుగుతదట. అది చెప్పుకుంట నవ్వేటోడు.

బిళ్ళ సర్దార్‌తోని పంపిస్తున్న. ఓబులేసుకు చెయ్యి బెణికింది, రాస్తలేడు. గొంతు గూడ పోయింది.

భూమేశ్

తా.క.: ఊరగాయ మొత్తం వాడే తిన్నడు.

*

అల్ ఖౌద్

భూమేశు నాయనా,

వాడు జేబులోంచి తియ్యని బిళ్ళ నీ చేతికి ఎట్లొచ్చిందో నాకు తెలుసు. సైట్‌లో పైనుంచి పడి చనిపోయినాడని కంపెనీవాళ్ళు ఆ పొద్దే చెప్పినారు. ఎయిర్‌పోర్టులో వాడి పెట్టె ఎక్కించేటప్పుడు నేనున్నా. నిన్ను డ్యూటీ నుంచి వదల్లేదంట, నన్ను ఆడ నువ్వు చూడలేదు. అందుకే నాకు తెలియదనుకున్నావు. నీకు రాయాలంటే వాడు లేడని రాయాల. చెయ్యి రాలేదు. నువ్వు తెరుస్తావని వాడికే రాసినా.

శుక్రవారం వాడి నెల మాసికం. ఇష్టమైనది పక్కన పెట్టకుంటే కాకి ముద్ద ముట్టదని మా పక్క నమ్మకం. మేడం మిద్దె మీద అన్నం పెట్టి, ఎర్ర బిళ్ళ పెట్టినా. కాకి వచ్చింది. ముద్ద వైపు చూడను కూడా చూడలేదు. బిళ్ళ ముక్కున కరుచుకొని పోయింది! నవ్వొచ్చింది నాయనా. వాడు పోయినాక అదే మొదలు. నవ్వుతానే కూలబడి ఏడ్చినా. ఆ దీపం మళ్ళీ వెలిగేది ఆటలోనే.

ఇట్లు,
మీ అమ్మ పెంచలమ్మ

తా.క.: వాడు పుట్టినకాడినుంచి ఊరగాయ ముట్టలేదు. రెండు సీసాలూ నీకే పంపినా. మూడోది సర్దార్ తెస్తాండాడు. ఇంక వాడి పేరు చెప్పొద్దు. వేళకు కడుపునిండా తిను నాయనా.