కుంకుమ పీల్చిన మిషన్

ఖగేంద్ర అన్నయ్యా,

ఇక్కడ మా కొండ ఆసుపత్రిలో ఫోన్లు పనిచేయడం లేదు. దసైఁ నవరాత్రులకి ఖాట్మండులో కొట్లు మూసి ఉంటాయని తెలుసు. ఎవరి తలుపైనా బాది ఆక్సిజన్ మిషన్‌కి ఫిల్టరు కొని, ఈ ఉత్తరం తెచ్చిన జీపు డ్రైవరు చేతికివ్వు.

నవమినాడు యంత్రాలకి పూజ అని మా నర్సు కోపిలా అక్క ఆడుతున్న మిషన్ మీదే కుంకుమ చల్లింది. గాలితోపాటు అదంతా పీల్చి మిషన్ ఆగిపోయింది. అక్క మీద అరిచాను. "మిషన్లు చూసుకునే నీ కొత్త ఉద్యోగం నిలబడాలనే ఇంకో గుప్పెడు ఎక్కువ చల్లాను చెల్లీ" అని ఏడ్చింది. ఫిల్టరు కడిగితే చిరిగిపోయింది.

మిగిలిన ఒక్క మిషన్‌కే ఇద్దరు పసివాళ్లని పెట్టాం. చిన్నదాని పెదవులు నీలమవుతున్నాయి. దాని తల్లి నన్ను డాక్టరనుకుని కాళ్లు పట్టుకుంటోంది.

మళ్లీ పూజ చేద్దామంది కోపిలా అక్క. ఈసారి అరవలేదు. కుంకుమా దీపమూ వద్దన్నాను. ఇద్దరం ఉత్త చేతులే జోడించి ఇంకా ఆడుతున్న ఆ ఒక్క మిషన్ ముందు నిలబడ్డాం.

నీ చెల్లి