మేకుకున్న తాళంచెవి

మనుబోలు

చంద్రమౌళి గారికి,

హెన్రీ సంతాపసభలో మీరు చదవడానికి నాలుగు మంచి మాటలు రాసిమ్మని కబురంపారు. సభ ఫ్లెక్సీ చూశాను. పోయినవాడి బొమ్మకన్నా మీ బొమ్మే పెద్దది. ఏం రాయమంటారు?

ముప్పై ఏళ్లు గ్యారేజీ నడిపిన ఆ మనిషిది ఒకటే పద్ధతి. బ్రేకులు సరిలేని బండిని రోడ్డెక్కనివ్వడు, తాళంచెవి గోడమేకుకు తగిలించేస్తాడు. మీ లారీదీ తగిలించాడు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను.

"మెకానిక్కువా, కలెక్టరువా? నాకే ఆర్డరేస్తావా?" అన్నారు మీరు.

"కలెక్టర్నైతే సంతకం పెట్టి పంపిచ్చేస్తానన్నా. మెకానిక్కును గదా, ఎట్ట వదిలేది?" అన్నాడు హెన్రీ.

మీరు ఇంట్లో ఉన్న రెండో తాళంచెవి తెప్పించి లారీ తోలుకుపోయారు. ఆ తర్వాత లారీ ఓనర్ల సంఘం పెద్దగా, కృష్ణపట్నం పోర్టుకు తిరిగే ఏ లారీనీ ఆ గ్యారేజీకి పోనివ్వలేదు. బతికుండగా పని లేకుండా చేసి, చచ్చాక పొగుడుతారా? సిగ్గన్నది ఉండొద్దూ?

నేను రాయను. ఇప్పుడు గ్యారేజీ నడుపుతున్న హెన్రీ కూతురు అబిగయీలుకు మీ కోరిక చెప్పాను. మీ తాళంచెవి ఇంకా వేలాడుతున్న మేకు వైపు చూసి ఆమె అన్న మాటే మీకు జవాబు:

"ఆయన్ని ఆ లారీలోనే రమ్మను మామా. బ్రేకులు చూసినాక మైకిస్తాను."

ఇట్లు,
మీకు ఉపన్యాసం రాసివ్వనివాడు