బోధకుని నోట వన్స్ మోర్

జమ్మలమడుగు,
12-3-1957.

చెల్లెలి కూతురు కరుణమ్మకు దేవుని కృప తోడుండాలని కోరుతూ నీ మేనమామ రాయునది.

శనివారం ప్రొద్దుటూరుకు నీ నాటకం చూడటానికి రాలేదమ్మా, ఆపించడానికి వచ్చాను. నడుమ లేచి, ఇది సాతాను వల అని గర్జించాలని బైబిలు చంకన పెట్టుకొని కూర్చున్నాను. నువ్వు రాణి వేషంలో పద్యం ఎత్తుకున్నావు. ముగించగానే లేచి నోరు తెరిచాను. "వన్స్ మోర్!" అని వచ్చింది.

పక్కనున్న దర్జీ ఖలందర్ పడీపడీ నవ్వాడు. "ఏందప్పా, ఆపేదానికి వచ్చినోడివి నువ్వే మళ్లా పాడమంటాండావు!"

శపించబోయిన బిలాము నోట దేవుడు దీవెన పలికించలేదా? నాకూ అదే అయింది.

మైకు లేకున్నా చివరి వరుసకు వినబడే గొంతని నిన్ను పత్రికలో మెచ్చుకున్నారట. చర్చిలో కీర్తనలు చదివించి ఆ గొంతును సాధన చేయించింది నేనే కదా! గర్వం పాపమే. మూడు దినాలుగా ఆ పాపం చేస్తూనే ఉన్నాను.

వేషం కట్టావని సంఘం పుస్తకంలో నీ పేరు కొట్టించింది కూడా నేనే. ఈ ఆదివారం తిరిగి రాయమని లేచి అడుగుతాను. నువ్వు తప్పక రా. పెద్దలు ఒప్పుకోకపోతే నా పేరు కూడా కొట్టేయమంటాను. అప్పుడు ఆదివారాలు నాకు తీరికే గనుక, నీ పులివెందుల నాటకానికి బస్సెక్కుతాను. ముందు వరుసలో చోటు పట్టిపెట్టు.

నీ మామ