ఒకే మాత్రకు రెండు మెసేజ్‌లు

మంగళవారం రాత్రి, మణికొండ

రేపటి రిలీజ్‌ను ఈరోజు నేనే ఆపించాను.

ఆస్పత్రి రోగులకు మందు వేళ గుర్తుచేసే మా యాప్‌ను మధ్యాహ్నం టెస్ట్ చేస్తుంటే, ఒకే మాత్రకు రెండు మెసేజ్‌లు వెళ్లాయి. మళ్లీ నడిపితే ఒకటే వెళ్లింది. పక్క సీట్లో ఉన్న శ్రీలత, "నెట్ జర స్లో ఉండొచ్చు. ఇప్పుడు పాసైంది గద, ఇగ ఎందుకు ఫికర్ జేస్తున్నవ్?" అంది. నాకూ అలాగే అనుకోవాలనిపించింది. కానీ మతిమరుపున్న ఏ పెద్దాయనో రెండో మెసేజ్ చూసి షుగర్ మాత్ర మళ్లీ వేసుకుంటే?

మేనేజర్ మూర్తి గారి దగ్గరికి వెళ్లి రిలీజ్ వద్దన్నాను.

"కారణం దొరికిందా అండి?"

"లేదండి."

"మరి ఆస్పత్రి వాళ్లకి ఏమని చెప్పమంటారు?"

"మాకే ఇంకా అర్థం కాలేదని చెప్పండి."

ఆయన ఫోన్ తీసుకుని బయటికి వెళ్లిపోయారు. కోప్పడినా బాగుండేది.

శ్రీలత ఇంటికి వెళ్లకుండా నాతోనే కూర్చుంది. కోడ్ అంతా వరుసగా చదివాం. తప్పేమీ కనబడలేదు. ఎన్నిసార్లు నడిపినా ఒకటే మెసేజ్. "మళ్ల రాకపోతే సార్‌కు ఏం జెప్తవ్?" అని చివరికి మెల్లగా అడిగింది. నేను ఇంకోసారి టెస్ట్ నడిపాను.

ఇంటికొచ్చాక కూడా నడుపుతూనే ఉన్నాను. నేను రాసిన కోడ్ తప్పు చేయాలని కోరుకోవడం ఇదే మొదటిసారి. ఇప్పుడే మళ్లీ నడిపాను.

ఒకటే వచ్చింది.