కోసిన ఖర్బూజా ముక్కల అమ్మకం ఆపించుట గురించి

ఆహార భద్రతా అధికారి గారి సముఖమునకు,
పెద్దాసుపత్రి పసిపిల్లల వార్డు బయటి బల్ల మీద కూర్చుని ఒక లిఫ్టు మెకానిక్కు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా వీధి మలుపులోని పళ్ల దుకాణంలో చల్లటి అద్దాల అలమరలో పెట్టి అమ్ముచున్న కోసిన ఖర్బూజా డబ్బాలను, పరీక్ష ఫలితము తేలువరకు నిలుపుదల చేయించుట గురించి.

సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా:

1. అర్జీదారుడనగు నేను లిఫ్టులు బాగుచేసి బతుకుచున్నవాడను. ఇంట్లో నేను, నా భార్య, మా అమ్మ. నా భార్య అప్పటికి నిండు గర్భిణి. అమ్మ కీళ్ల జబ్బుకు చాలాకాలంగా మందులు వాడుచున్నది. ఎండలకు ఏదీ సయించక, అత్తాకోడళ్లిద్దరూ సాయంత్రం బాల్కనీలో చాప వేసుకుని పై దుకాణపు ఖర్బూజా ముక్కలు తినుట వాడుక. ఒకే డబ్బా, ఇద్దరికీ చెరొక పుల్ల. చివరి ముక్క నీదంటే నీదని వాదులాట. మధ్యలో నేనూ ఒక చెయ్యి వేసియున్నాను.

2. నా భార్యకు జ్వరము, నడుము నొప్పి వచ్చినవి. పక్క వీధి క్లినిక్కులో ఇది మామూలు ఫ్లూ అని, విశ్రాంతి తీసుకొమ్మని చెప్పినారు. జ్వరం తగ్గినట్టే తగ్గి తిరగబెట్టినది. ఒక ఉదయం నేను పనికి బయలుదేరుచుండగా గుమ్మంలో ఆపినది.

"ఏవండీ, బిడ్డ సరిగ్గా కదలట్లేదు."

"నిద్రపోతోందేమోలే."

"కాదండీ. నాకు భయంగా ఉంది."

పెళ్లయిన నాటి నుంచి ఆ మనిషి నోట భయమన్న మాట వినలేదు. బల్లిని కూడా చేత్తో తోలేస్తుంది. పనిముట్ల సంచీ అక్కడే వదిలేసి ఆటో పిలిచాను.

3. పెద్దాసుపత్రిలో కాన్పుల డాక్టరమ్మ జ్వరం చూసి, కడుపు మీద యంత్రం పెట్టి బిడ్డ గుండె విని, నర్సును గట్టిగా కేకేసినారు. రెండు చేతుల నుంచీ రక్తం తీసి సీసాలలో పోయించినారు.

"వీటిని వెచ్చగా ఉంచితే లోపల క్రిమి ఉంటే పెరుగుతుంది. అప్పుడు దాని పేరు తేలుతుంది. అందాకా నేను ఆగను. ఆంపిసిలిన్ ఇప్పుడే నరంలోకి ఎక్కిస్తాం," అన్నారు.

"పేరు తెలీకుండానే మందా అమ్మా?"

"పేరు కోసం కూర్చుంటే బిడ్డ కూర్చోదు బాబూ."

ఆ పూటే ఆపరేషన్ చేసినారు. ఆడపిల్ల. తలుపు అవతల నిలబడి ఏడుపు కోసం చెవులు రిక్కించాను. ఏడవలేదు. అయ్యా, ఏడవలేదు. చాలాసేపటికి పిల్లికూన మూలిగినట్టు ఒక చప్పుడు వినిపించింది. అదే మా అమ్మాయని నర్సు వచ్చి చెబితే గాని నమ్మలేదు. పాపను అద్దాల పెట్టెలో పెట్టి, నా అరచేతి కంటే చిన్నదైన ఆ వీపులో సూది గుచ్చి వెన్నునీరు తీసినారు. ఆంపిసిలిన్‌తో పాటు జెంటమైసిన్ అను ఇంకొక మందు కూడా ఇచ్చుచున్నారు.

4. సీసాలలో పెరిగిన క్రిమి పేరు లిస్టీరియా అని తేలినది. నా భార్య ఏమేం తిన్నదీ డాక్టరమ్మ ఓపికగా అడిగినారు. ఖర్బూజా దగ్గర ఆగినారు.

"పళ్లు మంచివే కదమ్మా? అదీ ఫ్రిజ్‌లో పెట్టినవి."

"కాయ తొక్క మీదున్న క్రిమి కత్తితో లోపలికి దిగుతుంది. మామూలు క్రిములు చలికి ముడుచుకుంటాయి. ఇది ఫ్రిజ్‌లో కూడా పెరుగుతుంది. అయినా పండే కారణమని పరీక్ష చేయకుండా నేను చెప్పలేను."

"నేనూ తిన్నాను. నాకేం కాలేదే?"

"మీలాంటి వాళ్లకు కాస్త కడుపునొప్పితో పోతుంది, ఒక్కోసారి అదీ ఉండదు. కడుపుతో ఉన్నవాళ్లకి, పసివాళ్లకి, పెద్దవాళ్లకే ప్రమాదం. తిన్నాక వారాల తరబడి ఊరుకుని కూడా బయటపడొచ్చు. మీ ఇంట్లో ఇంకెవరు తిన్నారు?"

మా అమ్మ అని చెప్పాను. ఆమెకు జ్వరం తగిలితే వెంటనే తీసుకురమ్మన్నారు.

5. ఆనాటి నుంచి గంట గంటకూ అమ్మ నుదురు పట్టి చూచుట నా పని అయినది. "ఒరేయ్, నా నుదురేమన్నా ఇస్త్రీపెట్టె అనుకున్నావా, ఊరికే వేడి చూస్తావు? పోయి కోడలి దగ్గరుండు," అని కసిరినది. నవ్వాను. నవ్వుతూనే మళ్లీ పట్టి చూశాను.

ఆ తరువాత ఒకనాటి ఉదయం నుదురు కాలింది. గ్లాసులో పోయాల్సిన నీళ్లు పక్కన నేల మీద పోస్తోంది. "అమ్మా!" అన్నాను. నా వంక చూసి, "నాన్నా, ఇవాళ బడికి వెళ్లను," అన్నది. నన్ను తన తండ్రి అనుకున్నది. తల ఎత్తి నీళ్లు పట్టబోతే, మెడ వంగక నొప్పితో అరిచింది.

భుజాన వేసుకుని మెట్లు దిగాను. నేను బాగుచేసిన లిఫ్టే, ఎదురుగానే ఉన్నది. దాని కోసం ఆగాలని తోచలేదు.

అత్యవసర విభాగంలోని కుర్ర డాక్టరు మెదడు పొరల వాపని అనుమానించి, దానికి మామూలుగా ఇచ్చే ఇంజెక్షన్ సిద్ధం చేయించినారు. నా భార్య సంగతి చెప్పగానే పై అంతస్తుకు ఫోన్ చేసినారు. డాక్టరమ్మ తానే దిగివచ్చినారు.

"ఆ ఇంజెక్షన్ ఇవ్వండి, కానీ లిస్టీరియా దానికి లొంగదు. ఆంపిసిలిన్ కూడా కలపండి. వెన్నునీరు పరీక్షకు పంపండి," అన్నారు.

వెన్నునీటిలోనూ అదే క్రిమి తేలినది. ప్రస్తుతం ఆసుపత్రిలో పై అంతస్తున నా బిడ్డ, మధ్యలో భార్య, కింద అమ్మ. నేను మెట్ల మీద.

6. తమ ఆఫీసుకు ఇంట్లో మిగిలిన డబ్బా పట్టుకొచ్చితిని. మూత తీసినది చెల్లదన్నారు. అది న్యాయమే కావచ్చును. తరువాత తమ ఇన్‌స్పెక్టరు గారు దుకాణానికి పోయి, మూత తీయని డబ్బాలు పరీక్షకు పంపినారు. అందుకు కృతజ్ఞుడను. అయితే ఫలితము రాలేదు. అలమర దీపం వెలుగుతూనే ఉన్నది. డబ్బాలు అమ్ముడుపోతూనే ఉన్నవి.

7. నాపై దుకాణదారు ఇచ్చిన ఫిర్యాదు తమకు చేరియుండును. అది నిజమే. నిన్న మధ్యాహ్నం అమ్మకు బట్టలు తేవడానికి ఇంటికి పోవుచుండగా, ఆ దుకాణం ముందు ఒక ఆమె డబ్బా పట్టుకుని నిలబడియున్నది. పచ్చ చీర, భుజాన ఆఫీసు బ్యాగు, ఆరేడు నెలల కడుపు. పుల్లతో ముక్క గుచ్చినది. నాకు ఇంకేమీ కనపడలేదు. పోయి డబ్బా లాగేశాను. ముక్కలు రోడ్డు మీద పడినవి.

"ఎవరండీ మీరు? వదలండి!"

"తినకమ్మా, నీకు దండం పెడతాను, తినకు!"

"రోజూ ఇక్కడే కొంటాను, నాకేం కాలేదు! మీకేమన్నా పిచ్చా?"

ఏడుస్తూ పరుగులాంటి నడకతో వెళ్లిపోయినది. దుకాణదారు నా చొక్కా పట్టుకున్నాడు. తరువాత తనే వదిలేసి, స్టూలు లాగి కూర్చోబెట్టి, "మీ ఇంట్లో జరిగింది విన్నాను, నాకూ పిల్లలున్నారు. కానీ రేపు ఆ క్రిమి నా దగ్గరిది కాదని తేలితే, పోయిన పేరు నాకెవరు తెచ్చిస్తారు?" అని అడిగినాడు. ఆయన మీద నాకు కోపము లేదు. భయమొక్కటే ఉన్నది.

8. కావున ప్రార్థించునది: లిఫ్టు తాడు మీద అనుమానం వచ్చినచో మేము ముందు లిఫ్టు ఆపి, బోర్డు తగిలించి, ఆపైన పరీక్షింతుము. తాడు మంచిదని తేలిన రోజులూ ఉన్నవి. అప్పుడు జనం మమ్మల్ని తిట్టుకుంటూ మెట్లెక్కుతారు. తిట్టించుకుంటాము. తమరు కూడా ఆ అలమరకు అట్టి బోర్డు ఒకటి తగిలించవలెను. నాపై ఏ చర్య తీసుకున్నను శిరసావహించెదను.

ఇన్ని మాటలు వ్రాసినందుకు మన్నించి, ఈ అర్జీని నేడే చిత్తగించవలెనని వేడుకొను

తమ విధేయుడు,
లిఫ్టు మెకానిక్కు

తా.క.: సార్, ఇది రాసి మడత పెట్టాక కింద నుంచి పిలుపొచ్చింది. వెళ్లి చూస్తే అమ్మ కళ్లు తెరిచి ఉంది. నన్ను గుర్తుపట్టింది. "పాపకి జుట్టుందిరా?" అని అడిగింది. ఉందన్నాను. ఎడమ చెయ్యి ఇంకా సరిగ్గా లేవట్లేదు, టైం పడుతుందన్నారు. పాప ఇవాళ గట్టిగానే ఏడ్చింది. ఇద్దరికీ మందు ఇంకా వారాలపాటు ఎక్కించాలట.

సార్, అర్జీ సంగతి అలా ఉంచండి. నన్ను జైల్లో పెట్టినా సరే. ఆ పచ్చ చీర ఆమెని వెతికించండి. రోజూ ఇక్కడే కొంటానంది సార్. ఒంట్లో బాగుంటే ఏ మందూ అక్కర్లేదని డాక్టరమ్మ చెప్పారు. కానీ జ్వరం తగిలితే మాత్రం, చిన్నదే అయినా సరే, ఫ్లూ అని ఇంట్లో పడుకోవద్దని చెప్పండి. పెద్దాసుపత్రికి వచ్చి, ఖర్బూజా తిన్నాను, రక్తం చూడండి అని అడగమనండి. నేను చెప్పబోతే భయపడి పారిపోయింది. మీరు చెబితే ఆగి వింటుంది.