మస్తాన్ అనే పేరు

గురువారం రాత్రి, వాట్‌గంజ్

తమ్ముడి మీద ఇంత కోపం నాకెప్పుడూ రాలేదు.

సాయంత్రం అమ్మ రేవు పక్కనున్న దర్గాకి బయలుదేరితే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఆల దేవుడితో మనకేటి పని? మా ఆఫీసోళ్లు సూత్తే నవ్వుతారు" అన్నాడు.

ఆల దేవుడట. ఆ దర్గా గోడలకి ఇటుకలు మోసింది శ్రీకాకుళం నుంచి ఈ రేవుకి వలసొచ్చిన మా తాతా, ఆయనతో ఓడల్లోంచి సరుకు దించిన కూలీలూ. పనిలోకి దిగేముందు ఏ మతంవాడైనా ఆ బాబా సమాధికి దండం పెట్టుకునేవాడు. నా తర్వాత ఇద్దరు బిడ్డలు పోయాక అమ్మ అక్కడే మొక్కుకుంది. వీడు పుట్టాడు. బాబా పేరే పెట్టారు, మస్తాన్ అని. ఆఫీసులో చేరాక వాడే దాన్ని మోహన్ అని మార్చుకున్నాడు.

అమ్మ వాణ్ణి పక్కకి జరిపి నడిచింది. నేనూ వెళ్లాను. సమాధి మీద పూలచాదర్ కప్పాక, దర్గా చూసుకునే ముజావర్ చాచా "మస్తాన్ రావట్లేదేం?" అని హిందీలో అడిగాడు.

"డ్యూటీకెళ్లాడు. మీకు సలాం చెప్పమన్నాడు" అంది అమ్మ.

దారిలో నిలదీశాను. "అబద్ధమెందుకే?"

"మరేటి సెప్పమంటావు? ఇన్నేళ్లూ ఆయన ఆడి కోసం దువా సేత్తన్నాడు."

ఇంటికొచ్చి, దర్గాలో ఇచ్చిన మిఠాయి వాడి కంచంలో పెట్టింది. "తిను, మస్తానూ."

"నా పేరు మోహన్."

"నాను కన్నది మస్తాన్‌నే" అని అక్కడే నిలబడింది.

తిన్నాడు. తలెత్తలేదు. రేపు చాచా వీధిలో ఆ పేరుతో పిలిస్తే పలుకుతాడా? పలక్కపోతే మాత్రం అమ్మలా నేను అబద్ధం చెప్పను.